ఉప్పు జాడీ

కాపురానికి వచ్చిన మర్నాడు పొద్దున్నే అత్తవారి వంటింట్లో నిలబడి నేను పడ్డ అవస్థ పగవాళ్లకి కూడా వద్దు. బి.ఏ. ఫస్టుక్లాసులో ప్యాసైన పిల్లని. అక్బరు కొలువులో ఎవరెవరు ఉండేవారో గడగడా అప్పజెప్పగలను. కాని ఆ ఇంట్లో ఉప్పు ఎక్కడ పెడతారో నాకు తెలియదు! అడుగుదామంటే మొహమాటం, అడక్కపోతే పప్పు చప్పన. మామగారికి కాఫీ ఎన్నింటికివ్వాలి, ఏ గ్లాసులో ఇవ్వాలి, ఏ రోజున ఉల్లిపాయ ముట్టకూడదు... ఇలాంటివి ఏ పుస్తకంలోనూ రాసి ఉండవు కదా!

మా పెద్దాడపడుచు పుణ్యాత్మురాలు. నీళ్లబిందె దించే నెపంతో నా పక్కకి వచ్చి, “ఉప్పు పై అరలో పింగాణీ జాడీలో ఉంది. నాన్న కాఫీలో పంచదార అర చెంచాయే. నేను చెప్పానని అనకు” అంది గుసగుసగా. ఆ ఒక్క ముక్కతో ఆ ఇంట్లో నా పరువు నిలబడింది. “కోడలు చురుకైనదే” అన్నారు మామగారు. నా చురుకుతనం సంగతి నాకూ, మా ఆడపడుచుకూ మాత్రమే తెలుసు.

ఇంతకీ ఈ ఉప్పు జాడీ గోల ఇప్పుడెందుకంటారా? కాలేజీ లెక్చరర్ల గురించి చెప్పబోతున్నాను. కంగారు పడకండి. రెండూ ఒకటే కథ.

మూడేళ్ల కిందట జూన్ నెలలో మా వికారాబాద్ ఇంట్లో మేడమీది గది ఖాళీ అయింది. మావారు అట్టముక్క మీద ‘గది అద్దెకు ఇవ్వబడును’ అని రాసి గేటుకి వేలాడదీశారు. మూడో రోజున ఒక అమ్మాయి వచ్చింది. భుజాన సంచీ, చేతిలో గొడుగు. ముప్పయ్యేళ్లకి అటూ ఇటూగా ఉంటుంది. దగ్గర్లోనే ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే ఉద్యోగం వచ్చిందట. సొంతూరు తాండూరు పక్కన పల్లె.

మా అత్తగారు వసారాలో పడక్కుర్చీలో కూర్చుని జపం చేసుకుంటున్నారు. కళ్లు మూసుకునే, “మీరేమోళ్లమ్మా?” అని అడిగేశారు.

నాకు ప్రాణం చచ్చిపోయింది. ఆ పిల్ల మాత్రం తొణకలేదు. “చదువు చెప్పెటోళ్లం, అమ్మమ్మా” అంది.

అత్తగారు కళ్లు తెరిచి ఒకసారి చూసి మళ్లీ మూసుకున్నారు. ఆవిడకి అర్థమైంది. అర్థమైందని ఆ పిల్లకీ అర్థమైంది. నేను మాత్రం, ‘చూశావా, నేను కులం అడగలేదు’ అని నా భుజం నేనే తట్టుకున్నాను. రెండు రోజులు పోయాక సామాను తెచ్చుకునే ముందు ఆ అమ్మాయే నా దగ్గరికొచ్చి, “అక్కా, తర్వాత తెలిసి ఖాళీ చెయ్యమంటే నాకు తిప్పలైతది. మేం మాదిగలం. ఉండమంటే ఉంటా” అంది.

“ఛ, అదేం మాట! ఈ రోజుల్లో కూడానా?” అన్నాను గొప్పగా. ‘ఈ రోజుల్లో కూడానా’ అనే మాట మనలాంటివాళ్లం ఎంత సులువుగా అనేస్తామో! ఆ రోజుల్లోనూ ఈ రోజుల్లోనూ గది వెతుక్కునే అవసరం మనకి రాలేదు కనకనే అనగలుగుతాం.

అమ్మాయి మేడమీద స్థిరపడింది. సాయంత్రాలు కాలేజీనుంచి రాగానే మెట్లమీద కూర్చునేది. నేను రెండు గ్లాసుల టీ తీసుకుని వెళ్లేదాన్ని. ఒక పక్క నవల అధ్యాయం సగంలో ఆగిపోయి ఏడుస్తుండేది. అయినా ఆ పిల్ల కబుర్లు వింటుంటే పొద్దు తెలిసేది కాదు. మావారు కిటికీలోంచి తొంగి చూసి, “ఇంకేం, కొత్త నవలకి హీరోయిన్ దొరికిందన్నమాట!” అనేవారు. వేళాకోళమే అనుకున్నాను. వేళాకోళంలో ఎంత నిజముందో తర్వాత తెలిసింది లెండి.

ఒకరోజు ఆ పిల్ల మొహం వాడిపోయి ఉంది. ఏమిటంటే చెప్పింది. కొత్తగా చేరిన లెక్చరర్లు ఓరియెంటేషన్ కోర్సని 21 రోజుల చదువు ఒకటి పూర్తిచెయ్యాలట. యూజీసీ వాళ్ల 2018 నిబంధనల ప్రకారం మొదటి ప్రమోషన్‌కి కావలసినవాటిలో అదొకటి. దానికి దరఖాస్తు పెట్టుకునే గడువు ముందు రోజే అయిపోయింది. అదే కాలేజీలో, అదే నెలలో చేరిన ఇంకొక కుర్రాడు మాత్రం వెళ్తున్నాడు. అతనికి సీనియర్ సారు ఫోన్ చేసి మరీ చెప్పారట. ఇద్దరివీ ఒకే ఊళ్లు, ఒకే బంధువర్గం.

“నీకెందుకు చెప్పలేదు?” అన్నాను.

“నేనూ అదే అడిగిన అక్కా. ‘అడిగితే చెప్తుంటిమి గదమ్మా’ అన్నరు. అసలు అడగాల్సింది ఒకటున్నదని తెలిస్తే గద అడిగేది!”

నా ఉప్పు జాడీ చటుక్కున గుర్తొచ్చింది. సరిగ్గా ఇదే! ఆ సారు అబద్ధమాడలేదు. తలుపు వేసి తాళం పెట్టలేదు. ఉప్పు ఎక్కడుందో చెప్పలేదు, అంతే. పప్పు చప్పగా ఉంటే తప్పు ఎవరిది? వండినవాళ్లదే!

స్టాఫ్‌రూముల సంగతి అప్పుడే నాకు తెలిసింది. ఏ పత్రికలో వ్యాసం పడితే లెక్కలోకొస్తుంది, ఏ పత్రిక ఉత్త డబ్బు గుంజేది, సిలబస్ కమిటీలో ఎవరి పేరు ఎప్పుడు వేస్తారు, సెమినార్‌కి డబ్బెలా అడగాలి... ఇవన్నీ టీ తాగుతూ, పెళ్లిళ్లలో భోజనాల బంతిలో, కారు ఎక్కించుకుని ఇంటి దగ్గర దింపుతూ చెప్పుకునే మాటలు. ఆ బంతిలో కూర్చోనివాళ్లకి ఆ మాటలు అందవు. ఈ అమ్మాయికి ఆ కాలేజీలో ఏవీ ఇవ్వలేదనుకునేరు. బోలెడు ఇచ్చారు. స్కాలర్‌షిప్ ఫారాలు నింపించడం ఆమె పనే. హాస్టల్ పిల్లల జ్వరాలు, తగాదాలు ఆమెవే. ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి ఉపన్యాసం ఆమెదే. అమ్మాయి కూడాను కనక బతుకమ్మ పేర్పించడం, ముగ్గుల పోటీ కూడా ఆమెకే! “మీ పిల్లలు నీ మాటైతే వింటరమ్మా” అంటారట. నిజమే, వింటారు. రాత్రి పదింటికి కూడా ఫోన్ చేసి వింటారు. కాని ప్రమోషన్ కాగితాల్లో ఆ వినడానికి మార్కులెక్కడివి?

ఈ బాధ మన వికారాబాద్‌లోనే పుట్టిందని అనుకోనక్కర్లేదు. అమెరికాలో అమాడో పడిల్లా అనే ప్రొఫెసరు 1994లోనే దీనికి ‘సాంస్కృతిక పన్ను’ అని పేరు పెట్టారు. అక్కడి యూనివర్సిటీల్లో నల్లజాతివాళ్లు, మెక్సికో మూలాలవాళ్లు ప్రొఫెసర్లుగా చేరితే, ప్రతి కమిటీకీ ‘మీవాళ్ల తరఫున’ అని వాళ్లనే లాగుతారు. కష్టంలో ఉన్న పిల్లలందరూ వాళ్ల గది ముందే నిలబడతారు. జీతంలో కోత పడదు గాని కాలంలో పడుతుంది. రాయవలసిన పుస్తకం ఆలస్యమైతే, ‘ఏం రాశావు?’ అని అడిగేదీ మళ్లీ వాళ్లనే. పేరు పెద్దగా ఉంది గాని, ఉమ్మడి కుటుంబంలో నడిపికోడలికి ఈ పన్ను సంగతి వేరే చెప్పాలా?

ఇంకో తమాషా చూడండి. నాక్ కమిటీ వచ్చినప్పుడు చూపించడానికి ప్రతి విద్యార్థికీ ఒక లెక్చరర్‌ని మెంటార్‌గా వేసి రిజిస్టర్లు రాస్తారట. ఈ అమ్మాయి వంతుకి వచ్చిన పిల్లలందరి పేర్లూ ఆమెకి కంఠస్థం. “మరి నీ మెంటార్ ఎవరు?” అన్నాను. “లెక్చరర్లకు రిజిస్టర్ లేదక్కా” అని నవ్వింది.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2017లో అలహాబాద్ హైకోర్టు, అధ్యాపకుల రిజర్వేషన్‌ని ఒక్కొక్క డిపార్ట్‌మెంటుకి విడివిడిగా లెక్కకట్టాలంది. ఇద్దరో ముగ్గురో ఉండే డిపార్ట్‌మెంటులో రిజర్వుడు పోస్టు వంతు ఎప్పటికి వస్తుంది? దేశమంతా గొడవయ్యాక, 2019లో పార్లమెంటు చట్టం చేసి, కేంద్ర విద్యాసంస్థల్లో సంస్థ మొత్తాన్నీ ఒకే లెక్కగా చూడాలంది. ఇది కూడా ఆ అమ్మాయే నాకు చెప్పింది. చెప్పి, “చట్టం కుర్చీ ఇప్పిస్తది అక్కా. పక్క కుర్చీలున్నోళ్లతోని మాట్లాడించలేదు గద” అంది.

సరే, ఆ మాట్లాడే పక్కకుర్చీ నేనే ఎందుకు కాకూడదు అనుకున్నాను. పది నవలలు రాసినదాన్ని, నాలుగూళ్లలో పేరున్నదాన్ని. ఈ పిల్లకి పెద్ద దిక్కుగా ఉండలేనా? ఆ రోజునుంచి సలహాల వర్షం కురిపించాను. సభల్లో ఎలా మాట్లాడాలో చెప్పాను. ‘పోయిన్రు, వచ్చిన్రు’ అనకమ్మా, నలుగురిలో బాగుండదన్నాను. ఇంటికొచ్చిన స్నేహితురాళ్లకి, “మా మేడమీది అమ్మాయి. నా చేతిలో పెరుగుతోంది” అని పరిచయం చేసేదాన్ని. ఆ పిల్ల నవ్వి ఊరుకునేది.

అప్పుడు ఆమె ఒక పరిశోధన వ్యాసం రాస్తోంది. తాండూరు బండల గనుల్లో పనిచేసే ఆడవాళ్ల మీద. మనలో చాలామంది ఇళ్లలో కాళ్లకింద చల్లగా ఉండే ఆ నీలం బండలు అక్కడివే. సీనియర్ సారు చూసి మొదట, “మీవాళ్ల మీద నువ్వే రాసుకుంటే అది చరిత్రేంటమ్మా, ఏడుపైతది” అన్నారట. రెండు నెలలు పోయాక ఆయనే, “బాగానే ఉంది. నా పేరు ముందు పెట్టి పంపించు. పెద్ద పేరుంటే వేసుకుంటరు” అన్నారట.

ఆ సాయంత్రం నా దగ్గరికొచ్చి, “ఏం చెయ్యాల్నక్కా?” అని అడిగింది.

నేను ఏమన్నానో తెలుసా? “సర్దుకుపోమ్మా. కొత్తలో ఇవన్నీ తప్పవు. పేరుదేముంది?” అన్నాను. ఆ మాట అంటున్నది ఎవరు? వారపత్రికలో సీరియల్ మొదటి పేజీలో తన పేరు అక్షరాలు చిన్నవయ్యాయని ఎడిటర్‌గారికి ఫోన్ చేసి రాద్ధాంతం చేసిన మనిషి!

ఆ మార్చిలో తాండూరు నుంచి ఒక మహిళా సంఘం వాళ్లు మహిళా దినోత్సవానికి నన్ను పిలిచారు. “నాతోపాటు రా. మీ ఇల్లు కూడా చూసినట్టుంటుంది” అన్నాను అమ్మాయితో. పొద్దున్న రైలుకి బయలుదేరాం. వికారాబాద్ దాటాక కాసేపు గుట్టలు, చెట్లు. ధారూరు దాటాక నేల రంగు మారుతూ వచ్చింది. తాండూరు దగ్గరపడుతుంటే పట్టాల పక్కన పేర్చిన బండల వరసలు, తెల్లటి దుమ్ము, దూరంగా సిమెంటు ఫ్యాక్టరీ గొట్టాలు. 1956 దాకా తాండూరు గుల్బర్గా జిల్లాలో ఉండేది. ఆ కన్నడం వాసన ఇంకా పోలేదు. స్టేషన్ బయట పండ్లమ్మే ఆమె ఒకే వాక్యంలో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిపి బేరమాడింది. నా బి.ఏ. అక్కడ ఎందుకూ పనికి రాలేదు.

వాళ్లిల్లు రెండు గదులు. నేలా, గోడలూ, గట్టూ అన్నీ బండలే. వాళ్ల నాన్న ఉన్న ఒక్క కుర్చీ నాకు వేసి తను నిలబడ్డాడు. అమ్మాయి గబగబా పక్కింటినుంచి ఇంకో రెండు కుర్చీలు తెచ్చి, “కూసో నాయినా” అంది గట్టిగా. ఆయన అంచుమీద కూర్చున్నాడు. మాటల్లో చెప్పాడు, 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయినప్పుడు తను బిడ్డకి ఫోన్ చేశాడట. అప్పుడామె హైదరాబాద్‌లోనే ఎం.ఏ. చదువుతోంది. “సదువొద్దు ఏమొద్దు, ఇంటికి రా బిడ్డా అన్న. ‘నేనొస్తే ఇంకొకలు ఎట్ల పోతరు నాయినా’ అన్నది. ఇగ నేనేం మాట్లాడలే” అన్నాడు. నేను టీ గ్లాసు కిందపెట్టాను. మనం పిల్లల్ని కాలేజీకి పంపేటప్పుడు ర్యాంకు గురించి భయపడతాం. ఆ తండ్రి భయపడింది బిడ్డ ప్రాణానికి.

వాళ్లమ్మ గోడ చూపించింది. సున్నం కింద మసకగా నల్లటి గీతలు, వరసలు వరసలుగా. గనిలో పనిచేసినన్నాళ్లూ, ఆ రోజు ఎన్ని బండలు మోసిందో ఇంటికొచ్చి బొగ్గుతో గీతలు పెట్టేదట. ఆమెకి చదువు రాదు. “మా బిడ్డ అ, ఆ కంటె ముందు ఈ గీతలే లెక్కపెట్టనేర్చింది” అని నవ్వింది.

రచయిత్రిని కదా, ఒళ్లు పులకరించింది. సాయంత్రం సభలో మైకు ముందుకు రాగానే ఆ గోడ గీతలే చెప్పేశాను. తల్లి కష్టం, తల్లి ప్రేమ, బొగ్గుగీతలనుంచి పుట్టిన అక్షరం... నేను అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. ముందు వరసలో ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. చప్పట్లు మోగాయి. శాలువా కప్పారు. ఆ అమ్మాయి ఐదో వరసలో కూర్చుని ఉంది. ఆ కథ ఎవరిదో నేను చెప్పలేదు, ఆమెని లేచి నిలబడమననూ లేదు. ‘మొహమాటపడుతుందేమో’ అనుకున్నానని తర్వాత నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

తిరుగు రైల్లో ఆమె మాట్లాడలేదు. చీకట్లో ధారూరు దీపాలు వెనక్కి వెళ్లిపోయాక మెల్లిగా అంది.

“అక్కా, ఆ గీతల ముచ్చటతోనే నా వ్యాసం సురువైతది.”

నేను శాలువా మడత పెట్టుకుంటున్నదాన్ని ఆగిపోయాను.

“ఇంకోటి గూడ. మీరు అమ్మ ప్రేమ అన్నరు. అది ప్రేమ కాదక్కా, లెక్క. గుమాస్తా పుస్తకంల బండలు తక్కువ రాస్తుండె. కూలి తక్కువ ఇస్తుండె. అందుకే అమ్మ తన లెక్క తాను రాసుకున్నది. నలుగురు ఆడోళ్లను పిలుచుకొచ్చి ఈ గోడ చూపించి కొట్లాడింది. మా దిక్కు ఆడోళ్ల కూలి లెక్కకు నాకు దొరికిన దస్తావేజు ఆ గోడొక్కటే.”

ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది. నేను వాళ్లింటికెళ్లి టీ తాగి, వాళ్లమ్మ దస్తావేజుని పట్టుకొచ్చి, దాన్ని కన్నీళ్ల సీసాలో పోసి అమ్ముకున్నాను. సీనియర్ సారు కనీసం ‘నా పేరు ముందు పెట్టు’ అని అడిగాడు. నేను అదీ అడగలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏకలవ్యుడి కథ మనందరికీ తెలుసు. నాకు ఆ రాత్రి కొత్తగా తోచింది ఒకటుంది. ద్రోణుడు బొటనవేలు అడిగింది తను చదువు చెప్పినవాణ్ణి కాదు, చెప్పనన్నవాణ్ణి! చెప్పని చదువుకి దక్షిణ వసూలు చెయ్యడం మనకి పాత అలవాటే.

అలాగని అందరూ అలాగే ఉన్నారా? జాషువా మహాకవికి వినుకొండలో జూపూడి హనుమచ్ఛాస్త్రిగారు మేఘసందేశం, రఘువంశం చెప్పారు. బదులు ఏమీ కోరినట్టు నేను ఎక్కడా చదవలేదు. అదే వినుకొండలో సభలో పద్యాలు చదివితే, అంటరానివాణ్ణి లోపలికెందుకు రానిచ్చారని జాషువాని అవమానించినవాళ్లూ ఉన్నారు. అంబేద్కర్ 1913లో కొలంబియా యూనివర్సిటీకి వెళ్తే సెలిగ్మన్ అనే ప్రొఫెసరు ఆదరించి చదివించారు. ఆయనే 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరుగా చేరితే, తమ కుండలో నీళ్లు తాగకూడదన్నారు తోటి ప్రొఫెసర్లు. మనిషి ఒకడే, విద్వత్తు ఒకటే. పక్కనున్నవాళ్లే వేరు.

ఇంతకన్నా నన్ను తినేసింది ఇంకొకటి ఉంది. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా పెళ్లయిన మూడేళ్లకి మా మరిది వేరే కులం అమ్మాయిని చేసుకుని తీసుకొచ్చాడు. మర్నాడు పొద్దున్న నా తోడికోడలు ఆ వంటింట్లోనే నిలబడింది, సరిగ్గా నేను నిలబడ్డచోటే. ఉప్పు ఎక్కడుందో ఆమెకి తెలియదు. నాకు తెలుసు. నేను వెళ్లి చెప్పలేదు. ‘అడిగితే చెబుదాం’ అనుకున్నాను. ఆ రోజు పప్పు చప్పగా ఉంది. అందరం మొహమొహాలు చూసుకుని నవ్వుకున్నాం. ఆరు నెలలకి వాళ్లు పుణే వెళ్లిపోయారు. ‘ఇమడలేకపోయింది’ అన్నాం!

కాలేజీల్లో కూడా ఎవరైనా ఉద్యోగం వదిలేసి వెళ్లిపోతే ఇదే మాట అంటారట. ఇమడలేకపోయింది!

తెల్లవారి టీ గ్లాసులు తీసుకుని మేడమీదికి వెళ్లాను. క్షమించమనడం నాకు చేతకాదు. నవలల్లో పాత్రలచేత చెప్పిస్తాను గాని నా నోట రాదు. ఎలాగో చెప్పాను. కొత్త నవలలో ఆ గోడగీతల అధ్యాయం రాయబోతున్నానని, ఇక రాయనని కూడా చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, “నేను అడిగినప్పుడు సలహా చెప్పున్రి. అడగకముందు చెప్పాల్సింది గడువు తారీకులు, అంతే” అంది. హాయిగా నవ్వొచ్చింది. ఎంత మంచి లెక్క! తారీకు అడక్కుండా చెప్పాలి. నీతులు అడిగితేనే చెప్పాలి. మనం సరిగ్గా తిరగేసి చేస్తాం.

“మరి నాకేం ఇస్తావు?” అన్నాను.

“మీ నవల సదివి తప్పులు చెప్తా” అంది.

అలా కుదిరింది ఒప్పందం. నేను ఊరికే పెద్ద దిక్కునని మురిసిపోవడం మానేసి పనికొచ్చే దారులు వెతికాను. నాకు తెలిసిన ఒక రిటైర్డ్ చరిత్ర ప్రొఫెసరమ్మ హైదరాబాద్‌లో ఉన్నారు. నాకు తెలియని విషయంలో నేను సలహాలిచ్చే కన్నా ఆవిడ ఫోన్ నంబరివ్వడం మేలు కదా! ఆవిడ వ్యాసం చదివి, వాళ్లమ్మ మాటలు వాళ్లమ్మ మాట్లాడినట్టే ఉంచమన్నారు. నేను ‘మంచి తెలుగు’ చేసిన చోట్లన్నీ కొట్టేశారు! పత్రికలకి పంపే పద్ధతి ఇంకొక స్నేహితురాలి కూతురు చెప్పింది. పై కాలేజీలో పనిచేసే ఒకాయన ప్రమోషన్ కాగితాల సంగతి చూశారు. ఒకే గురువు పాదాల దగ్గర కూర్చునే కన్నా నలుగురి పక్కన కూర్చోవడం నయం. ఎవరికీ మన బొటనవేలి మీద హక్కు రాదు.

సీనియర్ సారుతో ఆ అమ్మాయి తనే మాట్లాడింది. “సార్, మీ సలహాకు కృతజ్ఞతలు అని చివర్ల రాస్తా. పేరు మాత్రం రాసినోళ్లది” అందట. ఆయన నెల్లాళ్లు మాట్లాడలేదట. ఆ తర్వాత స్టాఫ్‌రూములో టీ వచ్చినప్పుడు, “ఆ అమ్మాయికి కూడా ఇవ్వండోయ్” అన్నాడట. అదే మహాభాగ్యమని నేను అనను. మనిషి మారిపోయాడనీ అనను. వ్యాసం మాత్రం ఆమె ఒక్కదాని పేరుతోనే అచ్చయింది. మరుసటేడు ఆ 21 రోజుల కోర్సూ చేసింది.

తిరిగొచ్చి ఆమె చేసిన మొదటి పని ఏమిటో చెప్పనా? తెల్లకాగితం మీద తారీకులన్నీ రాసి స్టాఫ్‌రూము గోడకి అంటించింది. కోర్సుల గడువులు, ఏ ఫారం ఎవరి దగ్గర దొరుకుతుంది, సెమినార్ డబ్బుకి ఎవరిని అడగాలి... కొత్తగా చేరినవాళ్లెవరైనా, ఎవరి బంధువులైనా, ఎవరి బంధువులూ కాకపోయినా చదువుకోవచ్చు. తల్లి గోడమీద లెక్క రాసింది, కూతురూ గోడమీదే రాసింది.

నా నవల చదివి తప్పులు చెప్పిందా అంటే, చెప్పకేం! ఎర్రసిరాతో. గనిలో బండ ‘పగలగొట్టారు’ అని రాస్తే, ‘పగలగొట్టరు, పొర చూసి ఉలితో విడదీస్తరు’ అని పక్కన రాసింది. నేను రాసిన తాండూరు మాటల కింద ‘మా దిక్కు ఇట్ల ఎవలు మాట్లాడరు’ అని నాలుగు చోట్ల. మావారు ఆ కాగితాలు చూసి, “పాతికేళ్లనుంచి నేను ఒక్క కామా దిద్దుతానంటే ఒప్పుకోలేదు!” అని వాపోయారు.

పుణేలో ఉన్న నా తోడికోడలికి ఫోన్ చేశాను. ఉప్పు సంగతి చెప్పాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. “ఇప్పుడా అక్కా?” అంది చివరికి. అంతకు మించి మాట్లాడలేకపోయాం. ఇద్దరికీ గొంతు సహకరించలేదు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లి వచ్చిన అమ్మాయి వాళ్లమ్మ పంపిన కందిపప్పు రెండు కిలోలు తెచ్చింది. తాండూరు కందిపప్పుకి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది తెలుసు కదా! మూట విప్పుతుంటేనే కమ్మటి వాసన. “గురుదక్షిణా?” అన్నాను. “కాదక్కా, పప్పు” అంది.

“అయితే నువ్వే వండు” అన్నాను. మేడమీది గదిలో కాదు, మా వంటింట్లో. అమ్మాయి గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. వసారాలో పడక్కుర్చీ కిర్రుమంది. మేమిద్దరం అటు చూడలేదు. ఆమె లోపలికి వచ్చింది. పప్పు ఉడికింది, చింతపండు పిసికింది, పోపుకి ఎండుమిరపకాయలు తుంపింది. అరలన్నీ ఒకసారి చూసి, “అక్కా, ఉప్పెక్కడ?” అంది.

నేను నోరు తెరిచేలోపలే వసారాలోంచి మా అత్తగారి గొంతు వినిపించింది.

“పై అరలో, పింగాణీ జాడీలో ఉంది చూడవే పిల్లా! తడి చెయ్యి పెట్టకు!”